బోణీ ఫ్లాపీ

ఇది ఆరోసారి. తెర మీద రెండు వందల ఆరో పేరు దాకా అంతా సవ్యంగానే ఉంది. ఆ కింద పేర్లుండాల్సిన చోట చుక్కలు, నక్షత్రాలు, ఏ దేశానివో తెలియని గీతలు. రాధ రెండు చేతులతో తల పట్టుకుని కూర్చుంది. ఒకసారి జరిగితే పొరపాటు అనుకోవచ్చు, రెండోసారి జరిగితే ఖర్మ అనుకోవచ్చు. ఆరోసారి జరిగినప్పుడు ఏమనుకోవాలో హన్మకొండలో ఆరు నెలల కంప్యూటర్ కోర్సు నేర్పిన సారు ఆమెకు చెప్పలేదు.

మానుకోట స్టేషన్ రోడ్డులో ఉన్న ఆ ఆఫీసు పేరు గిరిజన రైతు సేవా సంఘం. ఉన్నవి మూడు గదులు, ఒక వరండా, ఒక కంప్యూటర్. ఎనభై తొమ్మిదో సంవత్సరం అది. కంప్యూటరున్న గదిలోకి జనం చెప్పులు విడిచి వచ్చే రోజులు. హైదరాబాదులో ఎవరో దాతలు ఇచ్చిన ఆ మిషన్ మీద పనిచేసేది నెల్లికుదురు నుంచి రోజూ బస్సులో వచ్చే రాధ ఒక్కతే. చుట్టుపక్కల తండాల్లో సర్కారు బంచరాయి భూముల్ని ఏళ్ళ తరబడి దున్నుకుంటున్న రెండు వందల పదమూడు కుటుంబాల పేర్లు, హద్దులు, విస్తీర్ణాలు ఎక్కించి ఒక జాబితా తీయడం ఆమె పని. ఆ జాబితా చూసి పట్టాల కమిటీ పట్టాలిస్తుంది. అందులో పేరు లేనివాళ్ళ సంగతి మళ్ళీ ఎన్నేళ్ళకు కమిటీ వేస్తే అప్పుడే.

చేత్తో రాసిస్తే తీరిపోయే పని. తీరనిస్తేగా. సంఘం అధ్యక్షుడు నిరంజన్ రెడ్డి కమిటీ ముందు నిలబడి, మా దగ్గర కంప్యూటరున్నది, అచ్చు గుద్దినట్టు తీసిస్తం అని ఛాతీ విరుచుకుని చెప్పి వచ్చాడు. సరే, అయితే కంప్యూటర్ కాగితమే తీసుకుంటాం, చేతిరాత ఒప్పుకోం అని వాళ్ళు రాసి పంపారు. కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో రాధకు ఆ ఉత్తరం చదివాక బాగా అర్థమైంది.

జాబితాలో చివరిది, రెండు వందల పదమూడో పేరు తారిది. నెల్లికుదురు అవతలి తండా ఆమెది. మొగుడు దస్రు రెండేళ్ళ కిందట జ్వరంతో పోయాడు. ఎకరం ముప్పై గుంటల మెట్ట చెలక, ఇద్దరు ఆడపిల్లలు మిగిలారు. చెలక తనదని దస్రు అన్న చాంద్యా పేచీ పెట్టాడు. దున్నుతున్నది తారేనని సంఘం వాళ్ళు విచారించి తేల్చి, ఆమె పేరు ఆఖరున చేర్చారు. ఆఖరున చేర్చడమే ఆమె పాలిట శాపమైంది, ఎందుకంటే ఈ మిషన్ జాబితాను తోక నుంచి తింటోంది. మార్చి నెలలో ముందస్తు కాగితం తీసి తండాలో చదివినప్పుడు అది రెండు వందల ఆరుతోనే ఆగిపోయింది. మిగతా ఆరు కుటుంబాలకూ పేచీలేవీ లేవు, తర్వాత చేరుస్తారులే అని ఊరుకున్నారు. చాంద్యా మాత్రం, లిస్టుల పేరే లేనిదానికి భూమెక్కడిదని పదిమందిలో అడిగి, మర్నాడే చెలక గట్టున తన ఎడ్లను కట్టేశాడు.

అప్పటి నుంచి తారి వారం వారం బస్సెక్కి వస్తోంది. ఆమెకు చదువు రాదు. రాధ తెర మీద ఆమె వరుస తీసి పైకి చదివి వినిపిస్తే విని, తలాడించి, మళ్ళీ బస్సెక్కుతుంది. ఆమె అటు వెళ్ళాక ఏదో ఒక రోజు ఆ వరుస మాయం. రాధ మళ్ళీ కొట్టడం, మళ్ళీ మాయం కావడం. వచ్చే వారం ఆమె మొహం ఎట్లా చూడాలా అని రాధకు రాత్రి అన్నం దిగేది కాదు.

ఇప్పుడు నిరంజన్ రెడ్డి సంగతి చెప్పాలి. చెడ్డవాడు కాడు. తండాల వాళ్ళ కోసం కలెక్టర్ ముందు కుర్చీలోంచి లేచి అరిచిన మనిషి. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. పైగా ఆయన చేతి మీద ఆయనకు మహా నమ్మకం. చుట్టుపక్కల ముప్పై ఊళ్ళలో ఆయన హస్తవాసికి పేరుంది. దుకాణం తెరిస్తే మొదటి బేరం ఆయనతో చేయించుకుంటారు. బావి తవ్వితే మొదటి గడ్డపార ఆయన చేతికిస్తారు, నాట్లకు మొదటి పిడికెడు నారు ఆయన చేత పెట్టిస్తారు. ఈ బోణీల పిలుపులకు తిరగడమే సగం రోజులు ఆయన పని.

అట్లాంటి మనిషి కంప్యూటర్‌ను వదులుతాడా? ప్రారంభం రోజున మిషన్ అమ్మినవాళ్ళు ఒక ఫ్లాపీలో, నక్షత్రాల గుర్తులు పేర్చి వినాయకుడి బొమ్మ చేసిచ్చారు. ఆ ఫ్లాపీ పెట్టి స్విచ్చి నొక్కితే మిషన్ దాంతోనే లేచి, ముందుగా తెర మీద వినాయకుణ్ణి చూపిస్తుంది. అదే బోణీ ఫ్లాపీ. పసుపు గుడ్డలో చుట్టి ఆయన తన చొక్కా జేబులో పెట్టుకుంటాడు. రోజూ పొద్దున వచ్చి, గుడ్డ విప్పి, కళ్ళకద్దుకుని, మిషన్‌లో పెట్టి, స్విచ్చి నొక్కుతాడు. దేవుడు కనబడ్డాక ఫ్లాపీ తీసి మళ్ళీ గుడ్డలో చుట్టుకుంటాడు. ఆ తర్వాతే రాధ కుర్చీలో కూర్చోవాలి. ఆ కాసేపూ తారి లాంటి మొగుడు పోయిన ఆడవాళ్ళెవరైనా వస్తే అటెండర్ మల్లేశం వాళ్ళను వరండా స్తంభం వెనక కూర్చోబెడతాడు. ఎదురు రాకూడదని ఆయన హుకుం.

మూడోసారి పేర్లు మాయమైనప్పుడు హన్మకొండ నుంచి ఇంజనీరు ఉపేందర్ వచ్చాడు. బక్కపల్చటి మనిషి, చేతిలో రెక్సిన్ సంచి. తన ఫ్లాపీ పెట్టి మిషన్ లేపి, అరగంట చూసి, ఇది మిషన్ చెడిపోవడం కాదని తేల్చాడు. ఎవడో పని లేనివాడు, ఎక్కడో కూర్చుని, కావాలని రాసిన చిన్న ప్రోగ్రాం ఇది. దీన్ని వైరస్ అంటారు. ఇది ఫ్లాపీ మొదట్లో దాక్కుంటుంది. ఆ ఫ్లాపీతో మిషన్‌ను లేపితే ముందు ఇదే లేచి, లోపలి డిస్కులోకి తనను తాను రాసుకుంటుంది. ఇక ఆ మిషన్‌లో ఏ ఫ్లాపీ పెడితే దానికీ ఎక్కుతుంది. ఆ ఫ్లాపీ వెళ్ళిన చోటికల్లా ఇదీ వెళ్తుంది. ఊరికే ఉండదు, మెల్లగా లోపల రాసిపెట్టిన వాటిని తినేస్తుంది. ఇట్లాంటివి రాసేవాడికి ఏమొస్తుందని రాధ అడిగితే, ఏమీ రాదమ్మా, అదే వాడి సంతోషం అన్నాడు.

ఉపేందర్ లోపలి డిస్కును శుభ్రం చేశాడు. పెట్టెలో ఉన్న ఫ్లాపీలన్నీ ఒక్కొక్కటీ చూసి శుభ్రం చేశాడు. ఫ్లాపీ అంచున గోరంత గాడి ఉంటుందని, దాని మీద వెండి రంగు కాగితం ముక్క అతికిస్తే మిషన్ ఆ ఫ్లాపీని చదువుతుంది గానీ దాని మీద ఏమీ రాయలేదని, అప్పుడు వైరస్ కూడా ఎక్కలేదని చూపించాడు. అట్లా కాగితం అతికించిన మంచి ఫ్లాపీ ఒకటి రాధకిచ్చి, అనుమానం వస్తే దీంతోనే మిషన్ లేపి వెతకమని, ఎట్లా శుభ్రం చేయాలో రెండుసార్లు చేయించాడు. పోతూ పోతూ, ఫ్లాపీలన్నీ చూపించినట్టేనా అని అడిగాడు. అన్నీ చూపించానని రాధ చెప్పింది. నమ్మే చెప్పింది.

బయటి ఫ్లాపీల వల్లే వస్తుందన్న మాట ఒక్కటి నిరంజన్ రెడ్డి చెవిన పడింది. చాలు. మర్నాటికి గుమ్మం మీద బయటి ఫ్లాపీలు లోపలికి రానివ్వబడవని బోర్డు వేలాడింది. మల్లేశం గుమ్మంలో స్టూలు వేసుకుని వచ్చినవాళ్ళ సంచులు వెతకడం మొదలుపెట్టాడు. జన్మలో ఫ్లాపీ మొహం చూడని తండా ముసలివాళ్ళ మూటలు విప్పించి జొన్నరొట్టెలు, ఎండు మిరపకాయలు బయట పెట్టించాడు. తారి మూటలో దువ్వెన, తువ్వాల, బస్సు టికెట్టు దొరికాయి. అధ్యక్షుడు గారు మాత్రం రోజూ జేబులో తన ఫ్లాపీతో ఆ గుమ్మంలోంచే నడిచి వచ్చారు, మల్లేశం లేచి దండం పెట్టాడు.

ఇన్ని కట్టుదిట్టాలు చేసినా నాలుగోసారి, ఐదోసారి పేర్లు పోయాయి. ఒక సోమవారం ఉపేందర్ మళ్ళీ వచ్చాడు. మళ్ళీ శుభ్రం చేశాడు. ఈసారి అతనికీ ఒళ్ళు మండింది.

"మాటిమాటికి బయట్నుంచి రాదమ్మా ఇది. ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టలేడంటరు. ఇంట్లనే ఎక్కడ్నో ఉన్నది, మీరే దాచిపెడుతున్నరు" అన్నాడు.

నేనేం దాచిపెట్టానని రాధకు ఏడుపొచ్చినంత పనైంది. నిరంజన్ రెడ్డి గది మధ్యలో నిలబడి చాలాసేపు ఆలోచించి, బిడ్డా, నీ చెయ్యే జర మంచిగ లేనట్టుంది, మీ ఇంట్ల ఏదన్న శాంతి చేయించుకో అన్నాడు. మూడు నెలలుగా ఒకే జాబితాను వేళ్ళు వాచేటట్టు కొట్టి కొట్టి చచ్చిన మనిషితో అనే మాటా అది? ఉద్యోగం అవసరం కాబట్టి రాధ మళ్ళీ జాబితా కొట్టడానికి కూర్చుంది.

ఆ మధ్యాహ్నమే నిరంజన్ రెడ్డి భూపాలపల్లి బస్సెక్కాడు. అక్కడ బొగ్గు లారీలు నడిపే కాంట్రాక్టరు ఒకాయన కంప్యూటర్ కొన్నాడట. బోణీ చేయమని మనిషిని పంపాడు. తాను లేని రెండు రోజులూ మిషన్ మీద ఒక పువ్వు పెట్టి మొదలుపెట్టమని మల్లేశానికి చెప్పి వెళ్ళాడు. మంగళవారం మల్లేశం మందార పువ్వు పెట్టాడు. జాబితా బాగుంది. బుధవారం గన్నేరు పువ్వు పెట్టాడు. జాబితా బాగుంది. రెండు వందల పదమూడు పేర్లూ వరుసగా, తారితో సహా, ఒక్క అక్షరం చెదరకుండా ఉన్నాయి. అప్పుడే కాగితం తీసేద్దామంటే సర్వేయర్ కొలతలు ఇంకా రాలేదు. గురువారం గానీ రావన్నారు. అవి చేర్చి సోమవారం పన్నెండు గంటల లోపు కమిటీకి ఇవ్వాలి.

గురువారం పొద్దున కొలతలూ వచ్చాయి, నిరంజన్ రెడ్డీ వచ్చాడు. భూపాలపల్లిలో ఎంత మర్యాద చేశారో చెప్పుకుంటూ జేబులోంచి పసుపు గుడ్డ తీసి, ముడి విప్పి, ఫ్లాపీని కళ్ళకద్దుకుని మిషన్‌లో పెట్టాడు. రాధ గోడవారగా నిలబడి చూస్తోంది. మూడు నెలలుగా రోజూ చూస్తున్నదే. అది ఫ్లాపీ అని మాత్రం ఆ క్షణం దాకా ఆమెకు తట్టలేదు. దేవుడి పటాన్ని ఎవరైనా కాగితాల లెక్కలో రాస్తారా? అట్లాగే ఆమె దాన్ని ఫ్లాపీల లెక్కలో వేయలేదు. అన్నీ చూపించానని ఉపేందర్‌తో చెప్పింది తనే. ముందు తనను తాను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

సాయంత్రానికల్లా తోక పోయింది. అదే ఆరోసారి.

రాధ డైరీ తీసింది. జాబితా మొదటిసారి చెడింది ఫిబ్రవరిలో, ఆయన జనగామలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్‌కు బోణీ చేసి వచ్చిన మర్నాడు. ఆ తర్వాత పాలకుర్తిలో ఎరువుల దుకాణం వాళ్ళ కంప్యూటర్. ఇప్పుడు భూపాలపల్లి. అంటే జనగామలో అంటించుకున్నదాన్ని పసుపు గుడ్డలో చుట్టి ఊరూరా పంచుతున్నాడు. పంచినందుకు శాలువాలు కూడా కప్పించుకుంటున్నాడు. రాధ ఇట్లా అనుకుంటూ ఉండగానే ఫోను మోగింది. భూపాలపల్లి కాంట్రాక్టరు. పొద్దుటి నుంచి తన లారీల నంబర్ల మధ్య చుక్కలు వస్తున్నాయి, రెడ్డి గారిని ఒకసారి మళ్ళీ వచ్చి చెయ్యి పెట్టి పొమ్మనండి అన్నాడు.

ఫోను పెట్టి రాధ నేరుగా అధ్యక్షుడి గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ ఫ్లాపీ ఒక్కసారి ఇస్తే పరీక్ష చేస్తానని, ఐదు నిమిషాల పని అని చెప్పింది. నిరంజన్ రెడ్డి మొహం మొదట ఎర్రబడింది, తర్వాత చిన్నబోయింది.

"నా చెయ్యితోని తవ్విన బావులల్ల ఎన్నిట్ల నీళ్ళు పడ్డయో ఎరికేనా నీకు? నా చేతుల రోగమున్నదంటవా?"

"మీ చేతుల లేదు సార్. మీ ఫ్లాపీల ఉన్నది."

రెండూ ఒకటే ఆయనకు. దేవుడికే పరీక్ష పెట్టే దానివైతివా అని జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. సోమవారం జాబితా తాను బోణీ చేశాకే తీయాలని, ప్రతి కాగితం మీదా తన సంతకం ఉంటేనే కమిటీ తీసుకుంటుందని గుర్తుంచుకోమని అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఇంకో పావుగంట చెప్పి, గొంతు నొప్పి పుట్టి రాధ బయటికి వచ్చింది.

శుక్రవారం పొద్దున మళ్ళీ బోణీ జరిగింది. పోయిన వరుసలు మళ్ళీ కొట్టి, మిగిలిన కొలతలు కూడా చేర్చేసరికి మధ్యాహ్నం గాలిదుమారం లేచి స్టేషన్ రోడ్డులో స్తంభం కూలింది. కరెంటు పోయింది. శనివారం లేదు, ఆదివారం లేదు, సోమవారం తెల్లారేసరికి ఇస్తామన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు. రాధ రెండు రోజులూ ఇంట్లో అందరి మీదా విసుక్కుంటూ, సోమవారం ఏం చేయాలో ఆలోచిస్తూ గడిపింది. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. ఆ సమయంలో ప్రళయం వచ్చినా నిరంజన్ రెడ్డి గడప దాటడు. ఆయన వచ్చి బోణీ చేశాక స్విచ్చి ఆపి ఇంకో ఫ్లాపీతో లేపనివ్వడు. ఉన్నది ఆ గంటన్నర మాత్రమే.

సోమవారం మొదటి బస్సుకే రాధ దిగింది. ముందు రోజు ఆఖరి బస్సుకే వచ్చిన తారి అప్పటికే వరండాలో ఉంది. అలవాటు కొద్దీ స్తంభం వెనకే కూర్చుంది. ఆ రోజు పేరు పోతే ఇక లేదని ఆమెకు తెలుసు. చాంద్యా కమిటీ ఆఫీసు దగ్గరికి వస్తున్నాడని, తారి పేరు చదవకపోతే ఎండాకాలం దుక్కి తనే దున్నుతానని తండాలో చెప్పాడని నెమ్మదిగా చెప్పింది.

గది తాళంచెవి మల్లేశం దగ్గర ఉంది. తీయనన్నాడు. బోణీ కాకుండా మిషిని ముట్టనియ్యొద్దని సారు హుకుం అన్నాడు. అందులో నీ చెయ్యి అసలే వద్దన్నడమ్మా, నా నౌకరి పోతదని గోల పెట్టాడు. రాధ బతిమాలింది, బెదిరించింది, చివరికి అరిచింది. ఎవరో ఒకరి చెయ్యి పడాలె గదా, సారు అడుగుతే ఎవరి పేరు చెప్పాలె నేను అని మల్లేశం తాళంచెవి వెనక్కి దాచుకున్నాడు.

స్తంభం వెనక నుంచి తారి లేచి వచ్చింది.

"నా పేరు చెప్పు. పోయేది నా పేరే గదా. నేనే ఒత్తుత" అంది.

మల్లేశం ఆమెనూ, తాళాన్నీ మార్చి మార్చి చూశాడు. ఏమనుకున్నాడో, తాళం తీసి పక్కకు తప్పుకున్నాడు.

రాధ వెండి కాగితం అతికించిన మంచి ఫ్లాపీని తారి చేతికిచ్చి ఎటు నుంచి పెట్టాలో చూపించింది. తారి దాన్ని పెట్టి, గాజుల్లేని చేత్తో స్విచ్చి నొక్కింది. గోడ గడియారంలో ఏడూ నలభై. దేవుడి బొమ్మ రాలేదు, నల్ల తెర మీద ఒక్క గీత కొట్టుకుంటూ నిలబడింది. రాధ లోపలి డిస్కును వెతికించింది. ఉంది, అనుకున్న చోటే ఉంది. శుభ్రం చేసింది. జాబితా తెరిచింది. ఏడు వరుసలు పోయాయి. సర్వే కాగితాలు ముందేసుకుని ఏడూ మళ్ళీ కొట్టింది. తారి పక్కన నిలబడి, కాగితం చూడకుండానే తన హద్దులు చెప్పింది. తూర్పున వాగు, పడమర బండ్లబాట, దక్షిణాన లాలి చెలక, ఉత్తరాన గుట్ట. తొమ్మిది దాటాక ప్రింటర్ కర్రుమంటూ మొదలైంది. పదకొండు పేజీలు. పదకొండో పేజీ అడుగున తారి వరుస దిగింది.

నిరంజన్ రెడ్డి తొమ్మిదింబావుకు వచ్చాడు. ప్రింటర్ చప్పుడు వరండా దాకా వినిపించింది కాబోలు, చెప్పులు కూడా విడవకుండా లోపలికి వచ్చాడు. ఎవరు మొదలుపెట్టారని అడిగాడు. మల్లేశం నేల చూపులు చూస్తూ, తారి అన్నాడు.

నిరంజన్ రెడ్డి ఎగిరి పడ్డాడు. రాహుకాలంలో మొదలుపెట్టిన పని ఇదని, రెండు వందల కుటుంబాల బతుకు ఇదని, ఆటలాడుకుంటున్నారా అని అరిచాడు. తాను సంతకం చేయనని, అంతా తీసేసి మళ్ళీ మొదటి నుంచి చేయమని, జేబులోంచి గుడ్డ తీశాడు. పైగా పొద్దుపొద్దున మొగడు లేని... అని తారి వైపు చూసి, ఆ మాట పూర్తి చేయకుండా ఆగాడు.

రాధ మిషన్‌కు అడ్డంగా నిలబడింది. నోరు తెరిచింది గానీ ఆమె కంటే ముందు తారి మాట్లాడింది. ఆమె గొంతు పెంచలేదు.

"ఆయన పోయినంక రెండు పంటలు తీసిన పటేలా. తొలి ఇత్తనం గీ చెయ్యితోనే ఏసిన. ముండమోపి చెయ్యి అని భూమి మొలవకుంట ఆగలే."

నిరంజన్ రెడ్డి గుడ్డ పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ముప్పై ఊళ్ళ నాట్లకు చెయ్యి పెట్టిన మనిషి, ఆయనకు ఆ మాట అర్థం కాకపోవడానికి లేదు. కాసేపటికి ముడి విప్పి, ఫ్లాపీని కళ్ళకు అద్దుకోకుండానే రాధకు ఇచ్చాడు.

"చూడు" అన్నాడు.

రాధ దాన్ని పెట్టి వెతికించింది. మిషన్ రెండుసార్లు బీప్ మంది. వైరస్ ఉందని తెర మీద ఇంగ్లీషులో ఒక్క వాక్యం పడింది. నిరంజన్ రెడ్డికి ఇంగ్లీషు వచ్చు. దగ్గరికి వంగి, కళ్ళద్దాలు సర్దుకుని, ఒకసారి చదివాడు, మళ్ళీ చదివాడు. గురువారం నుంచి ఈ క్షణం కోసమే రాధ కాచుకుని ఉంది. చెప్పానా లేదా అని అరవాలని ఎన్నిసార్లు అనుకుందో. తీరా ఆయన మొహం చూశాక, కాగితాలు సర్ది ఆయన ముందు పెట్టింది.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, పదకొండు కాగితాల మీదా సంతకం చేశాడు. కమిటీకి ఏ కాగితమైనా తన చేత్తోనే ఇచ్చేవాడు. ఆ రోజు లేవలేదు. మీరు పొండి, నాకు వేరే పనున్నది అన్నాడు. రాధ, తారి గుమ్మం దాటుతుంటే ఆయన ఫోను ఎత్తి ట్రంకు కాల్స్ బుక్ చేయిస్తున్నాడు. జనగామ ఒకటి, పాలకుర్తి ఒకటి, భూపాలపల్లి ఒకటి. జనగామ వెంటనే కలిసింది. నిరంజన్ రెడ్డిని మాట్లాడుతున్న, మీ మిషినిల ఏమన్న గడబిడ ఉన్నదా, ఉన్నదా, అది నా ఫ్లాపీకి గూడ ఎక్కింది, నేను ఇంకో రెండు చోట్ల అంటించిన అని చెప్పడం మెట్లు దిగుతూ విన్నారు.

కమిటీ ఆఫీసుకు చేరేసరికి పదకొండు. వరండాలో చాంద్యా ఇంకో ఇద్దరితో కూర్చుని బీడీ తాగుతున్నాడు. గుమాస్తా కాగితాలు లెక్కపెట్టి, వరుసలు సరిచూసుకుంటూ వచ్చి, ఆఖరి పేజీ తిప్పాడు. పేచీలున్న పేర్లను పైకి చదివి, అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పమని అడగడం అక్కడి పద్ధతి. తారి, భర్త కీర్తిశేషులు దస్రు, ఎకరం ముప్పై గుంటలు, తూర్పు వాగు, పడమర బండ్లబాట అని గట్టిగా చదివాడు. సంఘం విచారణ కాగితం, అధ్యక్షుడి సంతకం చూపించి, దున్నుతున్నది ఈమేనని రాసి ఉంది, దీనికి విరుద్ధంగా నీ దగ్గరేమన్నా కాగితముందా అని చాంద్యాను అడిగాడు. చాంద్యా గుమాస్తానూ చూశాడు, అతని చేతిలో ఎత్తి పట్టిన ముద్రనూ చూశాడు. బీడీ కింద పడేసి తొక్కి, వెంట ఉన్నవాళ్ళతో బయటికి నడిచాడు. గుమాస్తా ఆ పేజీ మీద ముద్ర గుద్దాడు.

బయటికి వచ్చి తారి ఆఫీసు మెట్ల మీద కూలబడింది. ముందు నవ్వుతోందనుకుంది రాధ. కాదు. కొంగు నోట్లో కుక్కుకుని, అదీ ఆగక, దస్రు పేరు పెట్టి పిలుస్తూ, వాళ్ళ భాషలో ఏదేదో చెబుతూ గొంతెత్తి ఏడ్చింది. రెండేళ్ళ కిందట దస్రును తీసుకుపోయిన నాడు కూడా తాను ఏడవలేదని, ఏడిస్తే చెలక పోతదని భయపడ్డానని మధ్యలో తెలుగులో చెప్పింది. వచ్చేపోయేవాళ్ళు నిలబడి చూశారు. నెల్లికుదురు బస్సు హారన్ కొట్టింది. ఇంకో బస్సు మూడింటికి గానీ లేదు. రాధ ఆమె పక్కనే మెట్టు మీద కూర్చుని, ఏడువు అక్కా, ఇప్పుడు ఏడువు అంది.